పాంథియన్ రోడ్డులో అమరావతి



మద్రాసులో ఎగ్మూరు స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి మ్యూజియం అని చెబితే చాలు, ఇవాళ ఎవరైనా తీసుకెళ్తారు. నేను మొదటిసారి మా తాతయ్య చెయ్యి పట్టుకుని వెళ్లిన రోజున మాత్రం రిక్షా అతనికి ఆ పేరు అర్థం కాలేదు. కాసేపు మా వైపు చూసి, "సెత్త కాలేజా?" అన్నాడు. సెత్త అంటే తమిళంలో చచ్చిన అని అర్థం. తాతయ్య నవ్వి, "అదేలే, పద" అన్నాడు. సీసాల్లోనూ అద్దాల పెట్టెల్లోనూ ప్రాణం లేని జంతువులుండే చోటు గనక అది సెత్త కాలేజీ. బతికున్న జంతువులుండే జంతుప్రదర్శనశాల ఉయిర్ కాలేజీ, అంటే ప్రాణమున్న కాలేజీ. మద్రాసు పాతకాపులు రెంటినీ అలాగే పిలిచేవాళ్లు.

చచ్చినదెందుకో అప్పుడే అర్థమైంది. కాలేజీ ఎందుకైందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక ఆ పేరు మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే ఆ కాలేజీ మన భాషకు బాగా కావలసిన కాలేజీ.

1812లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే దొర పూనికతో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ మొదలైంది. సీమ నుంచి కొత్తగా దిగిన కుర్ర ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడం దాని పని. 1816లో కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం వెలువడింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎల్లిస్ వాదించింది ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే. ఆ మరుసటి ఏడు మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు ఓనమాలు దిద్దింది కూడా ఆ కాలేజీ విద్యార్థిగానే. 1851లో, నుంగంబాకంలో ఉన్న ఆ కాలేజీ భవనం మేడ మీద మ్యూజియం తెరిచారు. మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన సుమారు 1,100 రాతి, ఖనిజ నమూనాలు దాని మొదటి ఆస్తి. ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సైనిక వైద్యుడు దాని మొదటి అధికారి. మూడేళ్లకే ఆ చోటు కుదరక, 1854లో సరంజామా మొత్తం ఎగ్మూరుకు తరలించారు. కాలేజీ నుంగంబాకంలోనే ఉండిపోయింది, ఆ రోజుల్లోనే మూతపడింది కూడా. దాని పేరు మాత్రం జనం నాలుకల మీద ఎక్కి మ్యూజియం వెంట ఎగ్మూరు వచ్చేసింది.

ఇక ఆ ఎగ్మూరు భవనం సంగతి. దానికప్పటికే డెబ్భై అయిదేళ్ల గతం ఉంది. 1778లో కుంపిణీ వారు హాల్ ప్లమర్ అనే ఉద్యోగికి 43 ఎకరాలు ఇచ్చారు. ఆయన అక్కడ తోటబంగళా కట్టుకున్నాడు. కోటలో ఉక్కగా, ఇరుగ్గా ఉండలేని దొరలు ఊరి బయట పెద్ద తోటలు వేసుకుని, మధ్యలో ఎత్తు స్తంభాల వరండాలతో ఇళ్లు కట్టుకుంటున్న రోజులవి. 1793లో ప్లమర్ ఆ ఇంటిని, తోటను 24 మంది సభ్యులున్న ఒక కమిటీకి అప్పజెప్పాడు. మద్రాసు తెల్లవారి వినోదాలు చూసుకోవడం ఆ కమిటీ పని. అప్పటి నుంచి అది పాంథియన్. విందులు, జంట నాట్యాలు, నాటకాలు, పేకాట గదులు. భవనాన్ని తర్వాతి కట్టడాలు ఒక్కొక్కటిగా తమలో కలిపేసుకున్నాయి గాని, దాని ముందు నుంచి వెళ్లే దారిని ఇప్పటికీ పాంథియన్ రోడ్డు అనే అంటున్నారు. ఆ రోడ్డు మీద బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి ఒకప్పటి ఆటపాటల ఇల్లు గుర్తొస్తుందో గాని, నాకు ఆ బోర్డు చూసినప్పుడల్లా ఒక్కటే గుర్తొస్తుంది: గచ్చు.

మద్రాసు గచ్చు ఆ కాలంలో లోకమంతా పేరు పొందింది. గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నాన్ని మెత్తగా నూరి, బెల్లపు నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపి, పూత మీద పూత వేసి, నున్నటి రాయితో రోజుల తరబడి మెరుగు పెట్టేవాళ్లు. ఆరాక అది పాలరాయిలా తళతళలాడేది. ఓడ దిగిన ప్రయాణికులు తోటబంగళాల స్తంభాలు చూసి చలవరాయి అనుకున్నారంటే అది మేస్త్రీల చేతి పనితనం. లోపల ఉన్నది ఇటుక, పైన మెరిసేది సున్నం. ఈ సున్నం మాట మనసులో పెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తుంది, అప్పుడది ఇంత హాయిగా ఉండదు.

1821లో కమిటీ ఆ ఇంటిని, నడిమి తోటను మూరట్ అనే అర్మేనియా వర్తకుడికి అమ్మేసింది. 1830లో సర్కారు ఆయన దగ్గర తిరిగి కొనుక్కుంది. కొన్నాళ్లు కలెక్టరు కచేరీ నడిచింది. నాట్యాలాడిన నేల మీద శిస్తు లెక్కలు, అర్జీదార్ల పడిగాపులు. ఆ తర్వాతే బాల్ఫర్ తన రాళ్లతో, ఎముకలతో, ఎండబెట్టిన మొక్కలతో వచ్చాడు.

బాల్ఫర్‌కు జనం కావాలి. మ్యూజియం చదువుకున్నవాళ్ల కోసమే అనుకునే మనిషి కాదాయన. బతికున్న జంతువులను చూపిస్తే ఊరంతా కదిలి వస్తుందని ఆయన గమనించాడు. ఆయన ఆలోచనతోనే 1855 ప్రాంతంలో పాంథియన్ ఆవరణలో జంతుశాల వెలిసింది. త్వరలోనే జంతువుల సంఖ్య మూడు వందలు దాటింది. తలుచుకోండి: ఒకప్పుడు వాయిద్యాలు మోగిన తోటలో చిరుత గాండ్రింపు. 1860ల మొదట్లో ఆ జంతువులను సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్కుకు మార్చారు, అక్కడే వందేళ్లకు పైగా ఉండి, చివరికి 1985లో వండలూరు చేరాయి. అలా ఉయిర్ కాలేజీ సెత్త కాలేజీ నుంచి విడిపోయింది. అవి రెండూ ఒకే ఇంట పుట్టిన తోబుట్టువులని చాలామందికి తెలియదు.

1896లో ఆవరణలో రెండు కొత్త కట్టడాలు లేచాయి, కన్నెమరా గ్రంథాలయం, మ్యూజియం థియేటరు. రెంటికీ నక్షా గీసింది హెన్రీ ఇర్విన్. గ్రంథాలయం పాత హాల్లోకి అడుగుపెట్టి తల ఎత్తితే పైన వంపు తిరిగిన కప్పు, దానికి రంగుటద్దాలు, చుట్టూ టేకు బీరువాలు. ఎండ ఆ అద్దాల్లోంచి చల్లబడి పుస్తకాల మీద పడుతుంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి ఈ గ్రంథాలయానికి చేరాలి. అంటే విజయవాడలో, హైదరాబాదులో అచ్చయిన తెలుగు పుస్తకానికి కూడా ఎగ్మూరులో ఒక చిరునామా ఉందన్నమాట. ఇక థియేటరు అర్ధచంద్రాకారంలో మెట్లు మెట్లుగా ఉంటుంది. వేదిక ముందు వాద్యకారుల కోసం పల్లంగా చోటు వదిలారు. పాంథియన్ నాటకశాల పోయి ఎన్నో దశాబ్దాలైనా, అదే నేల మీద మళ్లీ నాటకం మొలిచిందని నాకు సంతోషం. రేడియోలో మాట్లాడుతున్నాను గనక ఇంకొక్క మాట. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది కూడా ఈ ఎగ్మూరులోనే, మార్షల్స్ రోడ్డులో. తెలుగు మాట గాలిలోకి ఎగిరిన తొలి గూళ్లలో ఒకటి ఈ వీధుల్లోనే ఉండేది.

మ్యూజియం ఫొటోలు తీసేవాళ్లంతా ముందుగా తీసేది గులాబీ రంగు రాతి భవనాన్ని. ఫతేపూర్ సిక్రీలోని బులంద్ దర్వాజాను తలపించే ఎత్తయిన ముఖద్వారం, పక్కన బురుజుల్లాంటి కోణాలు, జాలీ కిటికీలు. దీనికీ ఇర్విన్‌దే నక్షా. 1906లో వేల్సు యువరాజు శంకుస్థాపన చేశాడు, 1909లో పూర్తయింది. విక్టోరియా రాణి పేరిట, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చేతిపనులను ప్రదర్శించి అమ్మే చోటుగా మొదలైంది. 1951లో అది జాతీయ కళా ప్రదర్శనశాల అయింది, రవివర్మ చిత్రాలకు నెలవైంది. కట్టినవాడు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఆ ఇంటిపేరు విన్నప్పుడు తెలుగువాడి చెవి దానంతటదే అటు తిరుగుతుంది. మద్రాసు హైకోర్టు కట్టిన మేస్త్రీ చెయ్యి కూడా అదే. రాయి సత్యవేడు నుంచి వచ్చింది. ఇప్పుడది మన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఊరు. తూర్పు ఎండ తగిలినప్పుడు ఆ రాయి పండిన జామపండు లోపలి రంగులో వెలుగుతుంది. 2000ల మొదట్లో భవనం నిలకడ మీద అనుమానం వచ్చి మూసేశారు. చాలా ఏళ్లు ఆ తలుపులు తెరుచుకోలేదు. నేను వెళ్లినప్పుడల్లా బయట నుంచే చూసి వచ్చేవాణ్ణి.

కానీ నన్ను మళ్లీ మళ్లీ ఎగ్మూరు లాక్కెళ్లేది ఆ గులాబీ రాయి కాదు. లోపల, పాత భవనం గదుల్లో, లేత బూడిద రంగులో, పచ్చదనం పుణికిపుచ్చుకున్న తెలుపులో ఉన్న రాళ్లు. అవి అమరావతి స్తూపం ఫలకాలు.

మొదటిసారి ఆ గదిలోకి వెళ్లినప్పుడు తాతయ్య చెప్పులు విప్పేశాడు. కాపలా మనిషి అక్కర్లేదన్నా వినలేదు. మా ఊరు కృష్ణ ఒడ్డున, అమరావతికి పొద్దున బండి కడితే మధ్యాహ్నానికి చేరేంత దూరం. నేను ఒక రాతి మీద ఏనుగును చూపించి, "తాతయ్యా, ఇవి మనవైపువా?" అని అడిగాను. "మనవేరా. చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయాయి" అన్నాడు. ఆ ఏనుగు నాళాగిరి. మదించి వీధిలో మనుషులను తొక్కుతూ వచ్చి, బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది. గుండ్రటి ఆ ఒక్క ఫలకంలోనే రెండు ఏనుగులు, రెండూ ఒకటే: విరుచుకుపడేది, వంగినది. మేడ కిటికీలోంచి తొంగిచూసే ఆడవాళ్ల ముఖాల్లో బెదురు కూడా చెక్కాడు శిల్పి. పక్కనే ఇంకో ఫలకంలో బుద్ధుడి భిక్షాపాత్రను దేవతలు ఎత్తుకుని ఆకాశంలోకి మోసుకుపోతుంటారు. గాల్లో తేలే ఆ కాళ్లను చూస్తే రాయి బరువు మరిచిపోతాం.

మనమంతా వాటిని పాలరాయి అంటాం. దొరలు కూడా అలాగే అన్నారు. నిజానికది పలనాటి సున్నపురాయి. ఇదిగో, సున్నం మళ్లీ వచ్చింది. 1796 ప్రాంతంలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన మకాం అమరావతికి మార్చి ఊరు కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని జనం పిలిచే ఒక దిబ్బలో నుంచి రాళ్లు తవ్వుకున్నారు. కొన్ని గుళ్లకు, మెట్లకు పోయాయి. కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది మరి. ఎన్ని నాళాగిరులు, ఎన్ని తామరపూలు గానుగలో పడి గోడలకు పూతగా మారాయో! ఎవరినీ తిట్టాలని చెప్పడం లేదు. ఆ దిబ్బ ఏమిటో అప్పుడక్కడ ఎవరికీ తెలియదు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లోనే బతికున్న ఫలకాలు కొన్ని ఉన్నాయి, వాటి రాళ్లు ఇప్పుడెక్కడా లేవు.

1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి చాలా ఫలకాలను మద్రాసుకు చేర్చాడు. అవి కాలేజీ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి ఏళ్లకేళ్లు పడున్నాయి. 1859లో 120కి పైగా ముక్కలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1877లో రాబర్ట్ సీవెల్, 1881లో జేమ్స్ బర్జెస్ మళ్లీ తవ్వించారు. ప్రాచీన కట్టడాల సంరక్షణకని నియమితుడైన హెన్రీ కోల్ మాత్రం రాళ్లను పుట్టినచోటే ఉంచాలని పట్టుబట్టాడు. ఆయన మాట నెగ్గలేదు. నెగ్గి ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను. అమరావతిలో ఇప్పుడు మిగిలింది ఇటుకల వలయం, పచ్చగడ్డి, పక్కన పురావస్తుశాఖవారి చిన్న మ్యూజియం.

ఆ రాళ్లు పాంథియన్ ఇంటికి వచ్చాక జరిగిందే ఈ భవనం చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం. 1880లలో వాటిని గదుల గోడల్లో పొదిగారు. గోడకు చెక్కి, ఫలకం నిలబెట్టి, చుట్టూ గారపోసి బిగించేశారు. తవ్వించి పంపిన బర్జెస్‌కే ఆ పద్ధతి నచ్చలేదు. చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే: పడిపోకూడదు, విరగకూడదు, దొంగలు ఎత్తుకుపోకూడదు. కానీ మద్రాసు సముద్రపుటూరు. ఇటుక గోడ నేలలోంచి తేమను ఒత్తిలా పైకి పీలుస్తుంది. ఆ తేమ తనతో ఉప్పును మోసుకొస్తుంది. తేమ ఆరినప్పుడు ఉప్పు రాయి పైపొరలో గడ్డకట్టి, ఉబ్బి, పొరలు పొరలుగా రాలగొడుతుంది. ఆవగింజంత పొర రాలితే చాలు, ఒక కన్ను పోతుంది, ఒక నవ్వు పోతుంది. విడిగా నిలబెట్టిన రాయిని ఎత్తి, శుభ్రం చేసి, ఆరబెట్టుకోవచ్చు. గోడలో కలిసిపోయిన రాయిని ఊడదీయాలంటే గోడనే కొట్టాలి. ఆ దెబ్బ రాయికి తగలదని ఏ మేస్త్రీ మాటివ్వగలడు?

ఈ ఇంట్లోకి నాట్యాలు వచ్చాయి, పోయాయి. కచేరీ వచ్చింది, పోయింది. చిరుతలు, ఎలుగులు పోయాయి. ఇంటితో పెనవేసుకుపోయిన అతిథి అమరావతి ఒక్కటే. ఆ రాళ్లను మన నేలకు తిరిగి తెచ్చుకోవాలని మనలో చాలామంది అంటారు. తాతయ్య బతికుంటే ఆయనా అనేవాడు. నా మాట వేరు. ఎక్కడ ఉండాలన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ ఫలకాలు గోడ నుంచి విడివడాలి, వెనకనుంచి గాలి ఆడాలి, కింద తేమ తగలని పీట ఉండాలి. ఈ పనిలో నేర్పున్న సంరక్షకులు మద్రాసులోనూ ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. రెండు రాష్ట్రాలు కలిసి పూనుకోవాలి. ఎవరి ఆస్తి అన్న పట్టుదలలో ఇంకో వానాకాలం గడిపితే నష్టపోయేది రాయే.

మన లిపి పెద్దన్న కూడా ఆ ఆవరణలోనే ఉంది. 1892లో భట్టిప్రోలు స్తూపంలో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన ధాతుకరండాలు అక్కడే ఉన్నాయి. వాటి మీద చెక్కిన అక్షరాల దగ్గర నుంచే తెలుగు లిపి వంశవృక్షం చెప్పుకుంటాం. అమరావతి రాతి ముక్క మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చదివిన నాగబు అనే తెలుగు మాట సంగతి మీలో చాలామంది బడిలోనే విని ఉంటారు. అమరావతి శిల్పాల మీద 1942లో శివరామమూర్తిగారు ప్రచురించిన పెద్ద పుస్తకం ఈ మ్యూజియంలో కూర్చుని రాసిందే. ఒక్కో ఫలకం ముందు నిలబడి, కేశబంధాలు, కడియాలు, వీణలు, కుండలు వేటికవి లెక్కపెట్టి గుర్తించిన పుస్తకమది. అది చదివి మళ్లీ ఆ గదిలోకి వెళితే కళ్లు కొత్తగా తెరుచుకుంటాయి.

పోయిన ఏడు మా మనవరాలిని తీసుకెళ్లాను. డైనోసార్ బొమ్మ దగ్గర ఉన్నంత ఉత్సాహం రాళ్ల గదిలో ఉండదేమో అనుకున్నాను. అది మాత్రం ఒక ఫలకం ముందు ఆగిపోయింది. ఆ ఫలకం మీద ఒక స్తూపం చెక్కి ఉంది. చుట్టూ రాతి కంచె, ద్వారం దగ్గర సింహాలు, ఎదురుగా అయిదు ఆయక స్తంభాలు వరసగా, అండం మీద పూలదండల వరసలు, పైన గొడుగులు, గాల్లో ఎగిరి వస్తున్న గంధర్వులు. "ఇదేంటి తాతయ్యా?" అంది. "అమరావతి స్తూపమే" అన్నాను. "మొన్న మనం చూసినదా? అక్కడేం లేదుగా, గడ్డే కదా ఉంది?"

అవును. దాదాపు 160 అడుగుల వెడల్పున్న ఆ కట్టడం ఎలా ఉండేదో మనకు చెప్పేవి ఇలాంటి ఫలకాలే. ఇల్లు పోయింది, ఇంటి బొమ్మ మిగిలింది, ఆ బొమ్మ మరొకరి ఇంటి గోడలో ఉంది. పిల్ల వేలు చాచి, రాతికి తగలకుండా గాలిలోనే, కంచె చుట్టూ తిప్పింది. కుడివైపు నుంచి మొదలుపెట్టి, సింహాల దగ్గర ఒక క్షణం ఆగి, మళ్లీ ద్వారం దాకా. ప్రదక్షిణం అలాగే చేస్తారని దానికి ఎవరూ చెప్పలేదు.